స్పెయిన్ వాళ్ళ ఊళ్ళో పెళ్ళిచూపులు

"ఆ క్యారేజీ డిక్కీలోంచి బయటికి తీశావంటే నేను ఇటునుంచి ఇటే బస్సెక్కి పోతాను సువార్తా, చెప్తున్నా."

"పో వదినా. బస్సు ఎక్కడ ఆగుతుందో అడిగి మరీ పో. తెల్లారగట్ల లేచి కలిపిన పులిహోర ఇది. ఎండలో పెట్టి తాళం వేస్తే ఎవరు తింటారు, నీ కారు తింటుందా?"

"పెళ్ళిచూపులకి ఎవరైనా అన్నం మూట కట్టుకొస్తారా?"

"పెళ్ళిచూపులు ఎవరైనా హోటల్లో పెట్టుకుంటారా?"

"ఇంట్లో పెడితే నీ మొగుడు ప్రార్థన పేరు చెప్పి, నన్ను చూడ్డానికొచ్చే ఆయన మీద మీటింగు పెడతాడు. హోటల్లో అయితే చుట్టూ జనం ఉంటారని నోరు అదుపులో పెట్టుకుంటాడు. అందుకే ఇక్కడ."

నా మొగుడంటే ఆవిడ తమ్ముడే. దానియేలు గారు కారుకి అటుపక్క నిలబడి, ఈ గొడవ వేరే ఎవరిదో అన్నట్టు నీళ్ళ వైపు చూస్తున్నారు. "ఒరే దానీ, నువ్వైనా చెప్పరా దీనికి" అంది వదిన. "నాకేం తెలుసక్కా? హోటలు నేను చెప్పానా, పులిహోర నేను చెప్పానా? నేనసలు రానన్నాను" అన్నారాయన, మెడ తిప్పకుండా. వదిన డిక్కీ దబ్బున మూసి తాళంచెవి హ్యాండుబ్యాగులో వేసుకుంది. కారు ఆవిడది, తాళంచెవి ఆవిడది, లైసెన్సు కూడా మా ముగ్గురిలో ఆవిడ ఒక్కదానికే ఉంది. క్యారేజీ ఒక్కటే నాది.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, మొన్న మా మనవరాలు షారోను స్నేహితులతో ఆ ఊరే వెళ్ళొచ్చింది. ఫ్లోరిడాలో సెయింట్ అగస్టీన్. ఎప్పుడో స్పెయిన్ వాళ్ళు ఓడల్లో వచ్చి కట్టుకున్న ఊరు. పార్సిప్పనీలో మా అమ్మాయి ఇంట్లో, సోఫాలో నా పక్కన చేరి ఫోనులో ఫొటోలు చూపించింది. ఒకటి తరవాత ఒకటి అన్నీ కంచాలే. ఎర్రటి అన్నంలో రొయ్యలు, చిన్న చిన్న మూకుళ్ళలో ఏవో వేపుళ్ళు, ఒక రొట్టె, ఆ రొట్టెనే ఇంకో పక్కనుంచి. కోట ఎక్కడే అంటే వెతికి వెతికి ఒకటి చూపించింది, అందులో కోటకి అడ్డంగా ఐస్‌క్రీం పట్టుకున్న చెయ్యి. "అమ్మమ్మా, నువ్వు ఎప్పుడైనా వెళ్ళావా అక్కడికి?" అంది. వెళ్ళానన్నాను. "ఓ మై గాడ్! ఏం తిన్నావు?" "పులిహోర." "అక్కడ పులిహోర దొరుకుతుందా?" నాకు ఒళ్ళు మండింది. ఫొటోలో సగం కంచాల్లో సగం తిండి అలాగే ఉంది. అదంతా ఏం చేశారే అంటే, "వదిలేశాం అమ్మమ్మా, ఫుల్ అయిపోయాం" అంది నవ్వుతూ. నవ్వాల్సిన విషయం ఏముందో నాకు తెలియలేదు. లేచి గిన్నెలు కడుక్కోవడానికి వెళ్ళాను. మిషను ఉండగా చేత్తో ఎందుకు కడుగుతావని అమ్మాయి అక్కడికొచ్చి ఇంకో పాట మొదలుపెట్టింది. ఆ సబ్బు నురగలో చేతులు పెట్టుకుని నిలబడితే రత్నం వదిన కళ్ళ ముందుకి వచ్చింది.

మేం అప్పుడు జాక్సన్‌విల్‌లో ఉండేవాళ్ళం, వదిన అద్దెకి తీసుకున్న అపార్ట్‌మెంటులో. పెళ్ళయి నేను వచ్చి ఎక్కువ కాలం కాలేదు. మా పెద్దది ఇంకా పుట్టలేదు. వదిన నర్సు. నర్సుగా ఈ దేశం వచ్చి, తమ్ముణ్ణి తెచ్చుకుంది, తమ్ముడికి పెళ్ళి చేసి నన్ను తెచ్చింది. మా మామగారు బాప్టిస్టు సంఘంలో బైబిలు పంతులు. తొందరగా పోయారు. అప్పట్నుంచి మా ఆయన ఫీజులు, బట్టలు, బూట్లు అన్నీ ఆవిడ జీతంలోంచే. తనకి పెళ్ళి ఈడు ఎప్పుడొచ్చి ఎప్పుడు వెళ్ళిపోయిందో ఎవరూ చూసుకోలేదు, ఆవిడా చూసుకోలేదు. పొద్దున్న డ్యూటీ దిగి వచ్చేసరికి ఒంటిమీద ఆసుపత్రి సబ్బు వాసన. దాని వెనక, కిటికీ తీస్తే చాలు, ఊరవతల కాగితం మిల్లుల కంపు. ఏసీ వేస్తే కరెంటు ఖర్చని నేను కిటికీలు తీసే ఉంచేదాన్ని. కంపు వస్తోందని వదిన మూసేది. మళ్ళీ నేను తీసేదాన్ని. రొట్టె కవర్లు కడిగి తీగమీద ఆరేస్తే "ఇదేమన్నా చేపల పాకా?" అనేది. ఆ కవర్లలోనే తన లంచి పట్టుకెళ్ళేది.

ఒకటే నాకు అస్సలు నచ్చేది కాదు. ఆవిడ కూర్చుని అన్నం తినేది కాదు. తెల్ల యూనిఫారంలోనే సింకు దగ్గర నిలబడి, గిన్నెలోంచే నాలుగు ముద్దలు తిని, ఆ చేత్తోనే గిన్నె కడిగి పడుకోవడానికి పోయేది. నేను కంచం పెట్టి, నీళ్ళు పెట్టి, "కూర్చో వదినా, అన్నానికి మర్యాద ఇవ్వు" అని ఎన్నోసార్లు చెప్పాను. "వార్డులో అలవాటైపోయిందే, కూర్చుంటే ఎవరో ఒకరు బెల్లు కొడతారు" అనేది. మా ఆయన మాత్రం కుర్చీలో కూర్చుని, ప్రార్థన చేసి, వేడిగా ఉందా లేదా చూసుకుని తినేవారు.

శౌరయ్య గారి సంగతి మా వంటింటి గోడమీది ఫోను వల్ల బయటపడింది. వదినకి అప్పుడప్పుడూ ఫోను వచ్చేది. ఆవిడ వైరు సాగదీసుకుని బాత్రూం గుమ్మం దాకా వెళ్ళి మాట్లాడేది. ఎవరని నేనే అడిగాను. ఇదివరకు ఆవిడ ఆసుపత్రిలోనే ల్యాబులో పనిచేశాడట, ఇప్పుడు సెయింట్ అగస్టీన్‌లో పని. గుంటూరు వైపు మనిషి. భార్య పోయింది, పిల్లలు లేరు. పేరు శౌరయ్య అంది. పేరు వినగానే మా ఆయన చేతిలో గ్లాసు కింద పెట్టేశారు. ఆ పేర్లు మా బాప్టిస్టుల్లో ఉండవు, రోమన్ కాథలిక్కులవి. "ఆర్‌సీఎమ్మా?" అన్నారు. అవునంది వదిన. "బైబిలు పంతులు కూతురు వెళ్ళి బొమ్మల ముందు మోకరిస్తుందా?" అన్నారు. "మోకరించడానికి నాకు మోకాళ్ళు ఇంకా బాగానే ఉన్నాయిరా" అంది వదిన. ఇంట్లో మాటల్లేవు కొన్నాళ్ళు. ఆవిడ కావాలంటే ఎవర్నీ అడక్కుండా చేసుకోగలదు, ఇల్లు నడిచేదే ఆవిడ జీతంతో. కానీ ఒకటే పట్టు పట్టింది: "నాన్న లేడు. నువ్వు నా చెయ్యి పట్టుకుని గుళ్ళోకి నడిపిస్తేనే చేసుకుంటాను. నువ్వు వద్దంటే ఈ మాట ఇంక ఎత్తను. ఒక్కసారి మనిషిని చూసి చెప్పు." చివరికి ఆయన చూడ్డానికి మటుకు ఒప్పుకున్నారు. శనివారం మధ్యాహ్నం, ఆ ఊళ్ళోనే ఒక స్పెయిన్ హోటల్లో శౌరయ్య గారు బల్ల బుక్ చేశారు.

నాకు ఆ పెళ్ళిమీద అభ్యంతరం లేదు, ఇది ముందే రాస్తున్నాను. నా అభ్యంతరం హోటలు మీద. మనిషిని చూడాలంటే మన ఇంట్లో, మనం వండింది పెట్టి చూడాలి. ఎవరో వండినది, ఎవరో వడ్డించినది తింటుంటే ఏం తెలుస్తుంది? అందుకే పులిహోర కలిపాను. పక్కింటి తెల్లావిడ పెరట్లో నిమ్మకాయలు రాలి కుళ్ళిపోతుంటే అడిగి తెచ్చుకున్నాను. బంగాళాదుంప వేపుడు చేశాను, పెరుగన్నం కలిపాను. హోటలు తిండి ఎవరికైనా పడకపోతే ఉంటుందని సర్దాను. ఆ క్యారేజీ ఎండలో డిక్కీ పాలైంది.

మేం ముందే చేరాం. ఇంకా వేళ కాలేదు కదా, ఊరు చూద్దామంది వదిన. సన్నటి సందులు, మేడమీద కొయ్య వరండాలు, ఎక్కడ చూసినా చల్లటి నీళ్ళు అమ్మే కొట్లు, టోపీలు అమ్మే కొట్లు. కోట నీళ్ళ ఒడ్డున ఉంది. ఆ రాయి మన దగ్గర రాయిలా కాదు, చిన్న చిన్న ఆల్చిప్పలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ముద్దకట్టినట్టు ఉంటుంది. లోపలికి టిక్కెట్టు అన్నారు. భోంచేశాక చూద్దాంలే అన్నారు మా ఆయన. అప్పుడే చూసి ఉండాల్సింది. అంత దూరం పోయి ఆ కోట లోపల ఏముందో ఈ రోజుకీ నాకు తెలియదు.

కోట దాటి కాస్త లోపలికి వెళ్తే పాత ఆర్‌సీఎం గుడి ఒకటి కనిపించింది. వదిన ఆగిపోయింది. "ఒక్క నిమిషం చూసొద్దాం" అంది. "నేను రాను" అని మా ఆయన చెట్టుకింద బెంచీమీద కూర్చుండిపోయారు. నేను వెళ్ళాను. గుడి గుడే. వదినా నేనూ మెట్లమీద చెప్పులు విప్పాం, కొంగు నెత్తిమీదికి లాక్కున్నాం. మా వైపు ఏ గుడికైనా చెప్పులు బయటే. జాక్సన్‌విల్‌లో తెల్లవాళ్ళ గుడికి వెళ్ళినప్పుడు అందరూ బూట్లతో పోతుంటే సిగ్గుపడి మేమూ అలాగే పోయేవాళ్ళం. ఇక్కడ మమ్మల్ని ఎరిగినవాళ్ళు లేరని కాళ్ళు వాటంతటవే విప్పేశాయి. "ఏమండీ, చెప్పులు చూస్తుండండి" అని కేకేసి మరీ వెళ్ళాను. లోపల చల్లగా, మైనం వాసన. వదిన కాసేపు నిలబడింది, తరవాత మోకరించింది. ఏం ప్రార్థించిందో అడగలేదు. నేను మటుకు అన్నం పాడవకుండా ఉండాలని ప్రార్థించాను.

బయటికొస్తే మెట్లు ఖాళీ. నావి దారం వేసి కుట్టిన పాత చెప్పులు. వదినవి ఆ రోజుకని కొన్న తెల్ల శాండిల్సు. ఎవరు తీశారో, చెత్త అనుకుని ఊడ్చేశారో, దేవుడికే తెలియాలి. బెంచీమీద మా ఆయనా లేరు. అవతల ఫిరంగి దగ్గర నిలబడి దానిమీద రాసింది చదువుతున్నారు.

"చెప్పులు చూడమని చెప్పానా లేదా?"

"నాకు వినబడలేదు. అయినా అమెరికాలో మెట్లమీద చెప్పులు విప్పేవాళ్ళు ఎవరుంటారు?"

"ఫిరంగి మాత్రం ఎవరూ ఎత్తుకుపోకుండా బాగా కాపలా కాశారు" అన్నాను. వదిన గడియారం చూసుకుంది. "పదండి, ఆయన వచ్చేసి ఉంటారు" అంది.

ఆ నడక నేను మరిచిపోను. రోడ్డు పెనంలా కాలుతోంది. సందుల్లో ఆల్చిప్పల పొడి పరిచారు, అది అరికాళ్ళలో దిగుతోంది. ఇద్దరాడవాళ్ళం పట్టుచీరలు ఎత్తిపట్టుకుని నీడ నుంచి నీడకి గెంతుతుంటే టోపీల జనం దారిచ్చి మరీ చూశారు. మా ఆయన బూట్లు టకటకలాడించుకుంటూ వెనక వస్తున్నారు. హోటలు గుమ్మంలో కుచ్చుల పావడా కట్టుకున్న అమ్మాయి మా మొహాలు చూసి నవ్వింది, కాళ్ళు చూసి నవ్వాపేసింది. తలుపుమీద బోర్డు చూపించింది. చెప్పులు లేనివాళ్ళని రానివ్వకూడదట. పాపం ఆ పిల్ల సారీ, సారీ అంటూనే ఉంది, తలుపుకి మాత్రం అడ్డం తప్పుకోలేదు. మా ఆయన కాళ్ళకి బూట్లున్నాయి కాబట్టి ఆయన్ని రమ్మంది. ఈ పెళ్ళి వద్దన్న మనిషి ఒక్కడికే లోపలికి దారి దొరికింది. వదిన మొహం చూడలేకపోయాను.

గాజు తలుపులోంచి చూసి శౌరయ్య గారే పరుగున బయటికి వచ్చారు. సన్నటి మనిషి, బట్టతల, అంత ఎండలోనూ కోటు. "నమస్కారమండి, నమస్కారమండి" అని మా ఆయనకీ నాకూ చేతులు జోడించి, వదిన కాళ్ళ వైపు చూశారు. ఏమైందని అడగలేదు. "నీడలోకి రండి, అయిదు నిమిషాల్లో వస్తాను" అని వీధిలో పడ్డారు. మా ఆయన గుమ్మంలో నిలబడి, "కోటు చూశావా, అద్దెకి తెచ్చినట్టుంది" అన్నారు నాతో మెల్లగా. "మీ పెళ్ళి కోటు ఎవరు కొన్నారండీ?" అన్నాను. శౌరయ్య గారు చెమటలు కక్కుకుంటూ రెండు జతల పసుపు రబ్బరు చెప్పులు తెచ్చారు. ఎక్కడా వేరే రంగు లేదటండి అన్నారు. రెండూ మాకు పెద్దవే. అవి వేసుకుని మళ్ళీ గుమ్మానికి వెళ్తే మా బల్ల ఎవరికో ఇచ్చేశారు. గంట ఆగాలంది ఆ పిల్ల.

"నాకు ఆకలేస్తోంది" అన్నారు మా ఆయన.

వదిన హ్యాండుబ్యాగు తెరిచి, నా వైపు చూడకుండా తాళంచెవి నా చేతిలో పెట్టింది.

కోట ముందు గడ్డిమీద కూర్చున్నాం. నేను గెలిచాననుకోవాలి, కానీ క్యారేజీ మూత తియ్యగానే పెరుగన్నం పుల్లటి వాసన గుప్పుమంది. ప్రార్థన మా ఆయన చేశారు. వదిన ముందే చెప్పింది కదా, మీటింగే పెట్టారు. బొమ్మలకి మొక్కేవాళ్ళ గురించి, దారి తప్పేవాళ్ళ గురించి, గొర్రెల గురించి. శౌరయ్య గారు చివరి దాకా తలొంచుకుని విన్నారు. ఆమేన్ అన్నాక, అలవాటున నుదుటినుంచి గుండెకి, భుజాలకి చెయ్యి తిప్పి సిలువ గుర్తు వేసుకున్నారు. మా ఆయన చూశారు. ఆ సిలువ గుర్తుతో ఆయన వరకు పెళ్ళిచూపులు అయిపోయాయి.

నేను మాత్రం అప్పుడే మొదలుపెట్టాను. మూతల్లోనూ గిన్నెల్లోనూ వడ్డించాను. వదిన అలవాటు ప్రకారం తన గిన్నె చేతిలోకి తీసుకుని లేచి నిలబడి తినడం మొదలుపెట్టింది. శౌరయ్య గారు ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగిపోయారు. "కూర్చోండి రత్నం గారూ. ఇక్కడ బెల్లు కొట్టేవాళ్ళెవరూ లేరు" అన్నారు. అంతే. నేను కంచాలు పెట్టి, నీళ్ళు పెట్టి బతిమాలితే కూర్చోని మనిషి, గడ్డిమీద మఠం వేసుకుని కూర్చుని తిన్నది. పులిసిన పెరుగన్నం ఆయన మొహం చిట్లించకుండా తిని, ఇంకాస్త ఉందా అమ్మా అని అడిగి తిన్నారు. గిన్నెలో ఒక మెతుకు మిగల్చలేదు. నాకు ఇంకేం చూడక్కర్లేదు.

తిన్నాక శౌరయ్య గారే అడిగారు, తిన్నగా. "దానియేలు గారూ, మీరేమంటారు?"

"పెళ్ళి ఏ గుళ్ళో?"

"ఆవిడ ఎక్కడంటే అక్కడ."

"తరవాత ఆదివారాలు?"

"నేను నా గుడికి, ఆవిడ ఆవిడ గుడికి. కారు ఒక్కటే కాబట్టి ఎవరో ఒకరు ముందు దిగాలి" అని నవ్వారు. మా ఆయన నవ్వలేదు. "ఆలోచించి చెప్తాం" అన్నారు. ఆ మాటకి అర్థం అక్కడ కూర్చున్న నలుగురికీ తెలుసు. శౌరయ్య గారు గిన్నెలన్నీ కుళాయి దగ్గర కడిగి తెచ్చి ఇచ్చి, మా కారు కదిలే దాకా ఎండలో నిలబడ్డారు. కారులో మా ఆయన, "మనిషి మంచివాడే. కానీ కుదరదక్కా" అన్నారు. వదిన అద్దంలోంచి వెనక్కి చూసి లైను మారింది. ఇల్లు చేరే దాకా నేను మాట్లాడాను. మీ నాన్న ఉంటే ఆ పెరుగన్నం తిన్న తీరు చూసి పిల్లనిచ్చేవాడన్నాను. నీకు తెలియదు ఊరుకోమన్నారు. ఆవిడ సంపాదన తినేటప్పుడు ఆ చెయ్యి ఎవరికి మొక్కుతుందో చూశారా అన్నాను. అదీ అన్నాను. ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. వదిన మీద కూడా నాకు కోపమే. అంత ఆసుపత్రిని నడిపించే మనిషి, తను ఎత్తి పెంచిన తమ్ముడి నోటి వైపు అలా చూస్తూ కూర్చోవడమేమిటి?

మా షారోను ఎవర్నీ అడగదు. ఒక పిల్లాణ్ణి తెచ్చి ఇతనే అంటుంది, మేం ఐసెలిన్‌లో మనవాళ్ళ కొట్లకి వెళ్ళి చీరలు కొనుక్కోవాలి, అంతే మా పని. అతను ఎలా తింటాడో చూద్దామంటే వాళ్ళు తినేది ఎప్పుడూ బయటే, ఫొటో తీశాకే. అదీ నాకు నచ్చదు. అప్పటి ఆ అడగడమూ నచ్చలేదు. ఆ రెంటికీ మధ్య ఇంకో దారేదో ఉండాలి, అది మా ఇంట్లో ఎవరికీ దొరకలేదు.

మర్నాడు ఆదివారం. నేను లేచి బియ్యం కడుగుదామని వంటింట్లోకి వెళ్తే పొయ్యిమీద గిన్నె అప్పటికే వేడిగా ఉంది. పోపు వాసన. ఆ ఇంట్లో నేను కాక ఇంకొకరు పులిహోర కలపడం అదే మొదటిసారి. సింకు పక్కన బోర్లించిన క్యారేజీ లేదు. గుమ్మం దగ్గర రెండు జతల పసుపు చెప్పుల్లో ఒక జతే ఉంది. కిటికీలోంచి చూస్తే కారు నిలిపే చోట నూనె మరక తప్ప ఏమీ లేదు. మా ఆయన సూటు వేసుకుని, బైబిలు పట్టుకుని వచ్చి, "అక్క ఏది?" అన్నారు. "పూజకి వెళ్ళింది" అన్నాను, ఆర్‌సీఎం వాళ్ళు ఆదివారం ప్రార్థనని అనే మాటే. ఆయన కాసేపు ఆ మరక వైపు చూశారు. తరవాత మేం గుడికి బయల్దేరాం. ఆయన బూట్లతో ముందు, నేను పెద్దవైన ఆ రబ్బరు చెప్పులు ఈడ్చుకుంటూ వెనక, హైవే పక్కన గడ్డిలో నడిచి వెళ్ళాం.